సైటు చుట్టూ నేల, ఇళ్లు కంప్యూటర్‌లోకి: కర్నూలు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

కల్లూరు వైపు ఒకటిన్నర ఎకరం స్థలం అనుకుందాం. దక్షిణాన వంక, ఉత్తరాన మూడంతస్తుల అపార్ట్‌మెంట్, పడమట రేకుల షెడ్డు, తూర్పున ఇరవై అడుగుల రోడ్డు. ఓనర్ చేతిలో ఉన్నది ఒక సర్వే స్కెచ్చు, ఫోన్‌లో నాలుగు ఫొటోలు. మట్టి ఎన్ని టిప్పర్లు పడుతుందో, వానొస్తే నీళ్లు ఎటు పోతాయో ఆ కాగితం చూసి చెప్పలేం. అందుకే పని మొదలవకముందే సైటు నేలను, చుట్టుపక్కల ఇళ్లను త్రీడీలో తయారు చేసుకుంటాం. డేటా చాలావరకు ఉచితం, సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అయితే ఉచితంగా దొరికే శాటిలైట్ డేటా ఊరి వాలు చెప్పడానికి పనికొస్తుంది గానీ, మీ స్థలంలో గుంత ఎంత లోతో చెప్పడానికి పనికిరాదు. ఆ పని ఆటో లెవెల్‌ది, అంటే సమ మట్టం చూపే దుర్బిణిది, దాంతో చదివే స్టాఫ్ అనే కొలత కర్రది. ఈ రెండింటినీ సరిగ్గా అతకడంలోనే పనంతా ఉంది.

ముందు ఎంత మేర కావాలో తేల్చుకోండి

కాగితం మీద మూడు వలయాలు గీసుకోండి. లోపలిది మీ సైటు. ఇక్కడ లెవెళ్లు సెంటీమీటర్లలో కావాలి. దాని చుట్టూ వంద మీటర్ల వరకు రెండోది. పక్కింటి గోడ, కరెంటు స్తంభం, డ్రెయిన్, చెట్టు అన్నీ అందులోకి రావాలి. మూడోది కిలోమీటరో రెండు కిలోమీటర్లో. అక్కడ నేల వాలు, ఇళ్ల దిమ్మెలు ఉంటే చాలు. పెళ్లికి పిలిచినట్టు ఊరంతటినీ మోడల్‌లోకి పిలిస్తే ఫైలు తెరుచుకోవడానికే పొద్దు గడిచిపోతుంది.

నేల విషయంలో మాత్రం వలయం గుండ్రంగా ఉండక్కర్లేదు. మీ స్థలానికి నీళ్లు ఎటు నుంచి వస్తాయో అటు ఎక్కువ దూరం తీసుకోండి. కర్నూలులో హంద్రీ వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. 2009 అక్టోబరులో పాతబస్తీలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇక్కడ చిన్నపిల్లలు కూడా వినే ఉంటారు. అనంతపురంలో అయితే నడిమివంక, కడపలో అయితే బుగ్గవంక ఏ పక్క ఉందో చూసుకుని ఆ పైభాగాన్ని కలుపుకోండి.

జోన్ 43, జోన్ 44

ఇది మన జిల్లాలకే ప్రత్యేకమైన తలనొప్పి. మీటర్లలో పనిచేయాలంటే యూటీఎం జోన్ ఎంచుకోవాలి, అంటే భూగోళాన్ని చదును మ్యాపుగా పరిచేందుకు నిలువుగా కోసిన పట్టీల్లో మనది ఏదో చెప్పాలి. జోన్ 43, జోన్ 44 మధ్య గీత 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అనంతపురం దానికి పడమట ఉంది కాబట్టి జోన్ 43, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32643. కడప తూర్పున ఉంది, జోన్ 44, ఈపీఎస్‌జీ 32644. కర్నూలు కూడా 44లోకే వస్తుంది గానీ ఆ గీత పాతబస్తీకి పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పోతుంది.

మా ఆఫీసులో ఒకసారి జరిగింది చెబుతాను. అనంతపురంలో పని ముగించుకుని వచ్చిన సర్వేయర్ కర్నూలు సైటు డీజీపీఎస్ (ఖచ్చితమైన జీపీఎస్) పాయింట్లను కూడా జోన్ 43లోనే ఇచ్చాడు. మా మోడల్ 44లో ఉంది. అంకెలు కలవడం లేదని మావాడు డ్రాయింగును మౌస్‌తో లాగి ఈశాన్యం మూలకు అతికించేశాడు. చూడ్డానికి అంతా సరిపోయింది. కానీ గీత దగ్గర ఈ రెండు జోన్ల ఉత్తర దిక్కులకు మధ్య దాదాపు 1.6 డిగ్రీల తేడా ఉంటుంది. వంద మీటర్ల అవతలి మూలకు వెళ్లేసరికి అది దాదాపు మూడు మీటర్లయింది. సున్నంతో మార్కింగ్ వేస్తుంటే పక్క స్థలం ఆయన వచ్చి "ఏం సామీ, నా చేనులోకి వచ్చినారే" అని అడిగేదాకా మాకు తెలియలేదు.

అప్పటినుంచి ఏ ఫైలు వచ్చినా ముందు ఈస్టింగ్, అంటే తూర్పు దిక్కుగా కొలిచిన మీటర్ల అంకె చూస్తాం. కర్నూలు ఊళ్లో అది 1,82,000 లాంటి సంఖ్య అయితే జోన్ 44. 8,25,000 లాంటిది అయితే 43. తేడా ఉంటే చేత్తో లాగొద్దు, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రీప్రొజెక్ట్ చేయండి, అంటే సరైన జోన్‌లోకి మార్చండి. ఇంకో మాట. గీత దగ్గర యూటీఎంలో వంద మీటర్ల గోడ తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి స్థలం కొలతలకు టేపు, టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) చెప్పిందే లెక్క.

సర్వే స్కెచ్చుతోనూ ఒక జాగ్రత్త ఉంది. పాత ఎఫ్ఎంబీల్లో (సర్వే నంబరు వారీ పొలం కొలతల పుస్తకాల్లో) కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు అంటే 20.12 సెంటీమీటర్లు, గొలుసుకు వంద లింకులు. అడుగులనుకుని గీసేస్తే ప్రతి పక్కా సగం పెరుగుతుంది, స్థలం రెండింతలు దాటుతుంది, ఓనర్ సంబరపడతాడు.

నేల డేటా దించుకోవడం

ఉచితంగా దొరికేవాటిలో మూడు చెప్పుకోదగ్గవి. ఎస్ఆర్‌టీఎం అంటే 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచింది. కోపర్నికస్ జీఎల్ఓ-30 అంటే 2011 నుంచి 2015 మధ్య టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాలు సేకరించిన కొలతల నుంచి తయారైంది. కార్టోడెమ్ మన ఇస్రోది. 2005లో పంపిన కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి తీశారు, భువన్ పోర్టల్‌లో దొరుకుతుంది. మూడూ 30 మీటర్ల గడులే. నేను కోపర్నికస్ వాడతాను, ఓపెన్‌టోపోగ్రఫీ సైటులో లాగిన్ అయి కావాల్సిన ముక్క గీసుకుంటే వచ్చేస్తుంది.

30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లకు ఒకే ఒక్క ఎత్తు. ఇరవై సెంట్ల స్థలం మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది. మన ఒకటిన్నర ఎకరానికి ఏడు గడులు కూడా నిండవు. దాన్ని నమ్మి కటింగ్, ఫిల్లింగ్ (తవ్వే, పోసే మట్టి) లెక్క వేయడం చిలక జోస్యంతో సమానం. లెవెల్లో సగటున 30 సెంటీమీటర్ల తప్పు వచ్చినా ఈ స్థలానికి 1,800 క్యూబిక్ మీటర్ల పైన తేడా. పది క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పరైతే 180 ట్రిప్పులు.

రెండో సంగతి, ఇవి చూపించేది నేల మట్టం కాదు, పై నుంచి కనిపించే మట్టం. పాతబస్తీ దగ్గర నేల ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడ గుట్ట ఉందని అనుకోకండి, అవి మిద్దెలు. వంక పొడవునా గట్టులా కనిపించేది కంపచెట్ల వరస కావచ్చు.

మూడోది, ఎత్తుల మూలం. ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ ఎత్తులు సముద్ర మట్టానికి దగ్గరగా ఉండే జియాయిడ్ నుంచి కొలిచినవి. కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచి, అంటే లెక్క కోసం నునుపుగా అనుకున్న భూమి ఆకారం నుంచి కొలిచినవి. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా సుమారు 80 మీటర్లు. నేల ఒకదాని నుంచి, ఇళ్ల అడుగు మట్టం ఇంకోదాని నుంచి తీసుకుంటే కర్నూలు మొత్తం గాలిలో తేలుతుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ ఓనర్ ముందు తెరవకండి.

క్యూజీఐఎస్‌లో కొత్త ప్రాజెక్టుకు ముందు ఈపీఎస్‌జీ పెట్టండి. రాస్టర్ (గడుల రూపంలో ఉన్న డేటా) మెనూలో క్లిప్‌తో ముక్క కత్తిరించి, వార్ప్‌తో మీటర్లలోకి మార్చండి. అక్కడ రీశాంప్లింగ్ (కొత్త గడులకు ఎత్తులు లెక్కగట్టే పద్ధతి) దగ్గర నియరెస్ట్ నైబర్ వదిలేసి బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ ఎంచుకోండి, లేకపోతే నేల మెట్లు మెట్లుగా వస్తుంది. తర్వాత హిల్‌షేడ్, అంటే ఎండ పడ్డట్టు వెలుగునీడలు వేసి చూడండి. వంక ఉన్నచోట వంక కనిపిస్తోందా, రోడ్డు ఎత్తు తెలుస్తోందా అన్నది చూపుతోనే తేలిపోతుంది.

సైటు మీదికి స్టాఫ్ పట్టుకుని

ముందు టీబీఎం, అంటే లెవెళ్లన్నిటికీ ఆధారమైన తాత్కాలిక గుర్తు పెట్టుకోండి. పని ముగిసేదాకా కదలనిది కావాలి. కల్వర్టు మూల, పక్క అపార్ట్‌మెంట్ ప్లింత్ (నేల పైకి లేపిన పునాది) అంచు బాగుంటాయి. స్తంభం దిమ్మె వద్దు, లైన్‌మెన్ ఎప్పుడు మారుస్తారో తెలియదు. దానికి 100.000 అని లెవెల్ ఇచ్చి ఎర్ర రంగు వేసి ఫొటో తీసుకోండి.

సైటులో పది మీటర్లకొక రీడింగ్, వంక వైపు ఐదు మీటర్లకొకటి తీయండి. గ్రిడ్‌తో సరిపెట్టుకోవద్దు. నేల విరిగే ప్రతిచోటా, అంటే గట్టు పైన, గట్టు కింద, వంక ఒడ్డున, వంక అడుగున, రోడ్డు అంచున విడిగా రీడింగులు కావాలి. ఎన్నో మోడళ్లలో వంక మాయమైపోవడానికి కారణం, గ్రిడ్ పాయింట్లు రెండూ దానికి అటొకటి ఇటొకటి పడటమే.

కర్నూలులో ఇంకో రీడింగ్ తప్పనిసరి. చుట్టుపక్కల పాత ఇళ్లవాళ్లను 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. చాలామంది గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఇద్దరు ముగ్గురి దగ్గర అడిగి, ఆ వేలు పెట్టిన చోట స్టాఫ్ ఆనించి లెవెల్ తీసుకోండి. మోడల్‌లో అదే ఎత్తున నీలం రంగు పలకను పెడితే ప్లింత్ ఎంత లేపాలన్న వాదన అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. లెవెళ్లు తీసుకుని మీరు గంటసేపు వివరించినా రాని ఫలితం ఆ నీలం పలకతో వస్తుంది.

సైటు బయట కూడా ఐదారు చోట్ల, రోడ్ల కూడళ్ల లాంటి ఖాళీ గట్టి నేల మీద రీడింగులు తీసుకోండి. శాటిలైట్ డేటాను సరిచేయడానికి ఇవే ఆధారం.

నల్లరేగడి అయితే గుంత తవ్వించి ఎంత లోతున గట్టి నేల తగిలిందో కూడా రాసుకోండి. తర్వాత మోడల్‌లో దాన్ని రెండో పొరగా వేస్తే తీసేయాల్సిన మట్టి లెక్క తేలికగా వస్తుంది.

డ్రోన్ సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పది ఎకరాలు దాటితే డ్రోన్ మంచిదే. పంట కోసిన తర్వాత ఎగరేయించండి, నిలువునా పత్తి ఉంటే వచ్చేది పత్తి లెవెలే. నేల మీద గుర్తులు పెట్టి వాటికి విడిగా లెవెళ్లు తీయాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం పనిచేస్తున్న విమానాశ్రయం హద్దుకు 8 కిలోమీటర్ల లోపల ఎగరేయాలంటే అనుమతి కావాలి. కడపలో విమానాశ్రయం ఊరికి దగ్గర కాబట్టి ముందు ప్రభుత్వ డ్రోన్ సైటు డిజిటల్ స్కైలో మ్యాపు చూసుకోండి.

రెండు నేలల్ని కుట్టడం

బయట తీసిన ఐదారు పాయింట్ల దగ్గర కోపర్నికస్ ఎత్తు ఎంతుందో, మీ లెవెల్ ఎంతుందో పక్కపక్కన రాయండి. తేడాలు వరుసలో పెట్టి మధ్యలోది తీసుకోండి. సగటు తీస్తే చెట్టు కిందదో మిద్దె పక్కదో ఒక్కటి మొత్తం లెక్కను లాగేస్తుంది. ఆ తేడాను రాస్టర్ కాలిక్యులేటర్‌లో శాటిలైట్ నేల నుంచి తీసేయండి. అంటే శాటిలైట్‌నే మీ 100.000కు దించాలి. మీ లెవెళ్లను సముద్ర మట్టానికి ఎక్కించొద్దు. మేస్త్రీ చేతిలో ఉండేది టీబీఎం. మోడల్‌లో అంకె ఒకటి, గోడ మీద అంకె ఇంకొకటి ఉంటే కొంప మునుగుతుంది.

ఇప్పుడు ఆ రాస్టర్‌ను పాయింట్లుగా మార్చండి. సైటు హద్దుకు చుట్టూ 30 మీటర్ల బఫర్ (అదనపు పట్టీ) వేసి, దాని లోపల పడ్డ శాటిలైట్ పాయింట్లన్నీ చెరిపేయండి. మిగిలినవాటికి మీ స్టాఫ్ పాయింట్లు కలపండి. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో టిన్ ఇంటర్‌పొలేషన్ (పాయింట్లను త్రిభుజాలతో కలిపి నేల చేసే పద్ధతి) తెరిచి, పాయింట్లతో పాటు వంక ఒడ్డు, గట్టు అంచు గీతలను స్ట్రక్చర్ లైన్లుగా ఇవ్వండి. పిక్సెల్ ఒక మీటరు పెట్టండి. హద్దు దగ్గర గోడలా నిలువుగా లేచినట్టు కనిపిస్తే తేడా సరిగ్గా తీయలేదని అర్థం, వెనక్కి వెళ్లండి.

చివరగా సైటు లోపల పావు మీటరుకు, బయట రెండు మీటర్లకు కాంటూర్లు (ఒకే ఎత్తును కలిపే గీతలు) వేయండి. బయట కూడా పావు మీటరుకు వేస్తే లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇళ్లు, వాటి ఎత్తులు

ఇళ్ల గీతలు మూడు చోట్ల దొరుకుతాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్‌తో తెచ్చుకోవచ్చు. మన ఊళ్లలో అది అక్కడక్కడే నిండి ఉంటుంది. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్, మైక్రోసాఫ్ట్ బిల్డింగ్ ఫుట్‌ప్రింట్స్ రెండూ శాటిలైట్ చిత్రాల నుంచి యంత్రం గీసినవి. గూగుల్ దాంట్లో ప్రతి ఇంటికీ 0.65 నుంచి 1 వరకు నమ్మకం మార్కు ఉంటుంది. 0.7 కన్నా తక్కువవి నేను చిత్రం మీద పెట్టి కళ్లతో చూస్తాను. గడ్డివాము, నాపరాళ్ల కుప్ప, టార్పాలిన్ పందిరి అందులోనే దొరుకుతాయి. ఇంకో లోపం, గోడకు గోడ ఆనుకున్న పాతబస్తీ ఇళ్లను యంత్రం ఒకే పెద్ద దిమ్మెగా గీసేస్తుంది. రెండో వలయంలో ఉన్నవాటిని మీరే విడగొట్టుకోవాలి.

ఎత్తుల కోసం గూగుల్ వాళ్ల 2.5డీ డేటా ఉంది గానీ అది ఊరి మొత్తం తీరు చూడటానికే, పక్కింటి ఎత్తు దాన్నుంచి తీయకండి. దూరపు ఇళ్లకు అంతస్తులు లెక్కపెట్టి మూడు మీటర్లతో గుణిస్తే సరిపోతుంది. దగ్గరి ఇళ్లకు మాత్రం నడవాలి. మన ఉత్తరం పక్క అపార్ట్‌మెంట్‌నే చూడండి. మూడు అంతస్తులు పదేసి అడుగులు, ప్లింత్ రెండున్నర, పిట్టగోడ మూడు. మొత్తం 35.5 అడుగులు, అంటే 10.8 మీటర్లు. మెట్ల హెడ్‌రూమ్ ఇంకో ఎనిమిది అడుగులు. క్రేన్ తిప్పేవాడికి పిట్టగోడ కన్నా ఆ హెడ్‌రూమ్, దానిపై ట్యాంకు ముఖ్యం.

నమ్మకం కుదరకపోతే నీడ కొలవండి. మీటరు స్కేలును నిటారుగా నిలబెట్టి దాని నీడ, అదే నిమిషంలో చదును నేల మీద భవనం నీడ కొలవాలి. స్కేలు నీడ 82 సెంటీమీటర్లు, భవనం నీడ 8.6 మీటర్లు వస్తే ఎత్తు దాదాపు 10.5. అంతస్తుల లెక్కకు ఒక అడుగు తేడాలో వచ్చిందంటే ఇక వెతుక్కోవాల్సింది ఏమీ లేదు. డిసెంబరు చివర మధ్యాహ్నం 12:15 ప్రాంతంలో కర్నూలులో సూర్యుడు దాదాపు 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నీడ ఉత్తరానికి చక్కగా పడుతుంది. జూన్‌లో ఈ పని పెట్టుకోవద్దు. మధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా వెళ్తాడు, పది మీటర్ల భవనానికి దక్షిణాన మీటరున్నర నీడ కూడా రాదు. పైగా ఆ ఎండలో టేపు పట్టేవాడు దొరకడు.

త్రీడీలో నిలబెట్టడం

జోనల్ స్టాటిస్టిక్స్ అనే క్యూజీఐఎస్ టూల్‌తో ప్రతి ఇంటి కింద నేల కనిష్ఠ మట్టం తీసి, దాన్ని ఇంటి అడుగుగా పెట్టండి. సగటు పెడితే వాలు పక్క ఇంటి మూల గాలిలో వేలాడుతుంది. అయితే పై ఎత్తును ఆ అడుగు నుంచి కొలవకూడదు. ప్లింత్ కొలిచిన చోటి నేల నుంచే లెక్కపెట్టండి.

బ్లెండర్, స్కెచ్‌అప్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లకు పంపేముందు మూలబిందువు మార్చండి. కర్నూలు నార్తింగ్ (ఉత్తర దిక్కు అంకె) 17,50,000 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంత పెద్ద సంఖ్యల దగ్గర ఈ సాఫ్ట్‌వేర్లు తెర మీద 12 సెంటీమీటర్ల కన్నా చిన్న తేడా పట్టుకోలేవు, గోడలు వణుకుతూ కనిపిస్తాయి. సైటు నైరుతి మూల రాయిని సున్నా, సున్నా చేసి, తీసేసిన అంకెలను ఫైలు పక్కనే నోట్‌లో రాసిపెట్టండి. త్వరగా చూసుకోవడానికి క్యూజీఐఎస్ టు త్రీజేఎస్ ప్లగిన్ చాలు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఫైలు వస్తుంది, ఓనర్ ఫోన్‌లో కూడా చూస్తాడు.

స్తంభాలు, 11 కేవీ తీగలు, డ్రెయిన్, చెట్లు చేత్తోనే పెట్టాలి, ఏ డేటాలోనూ ఉండవు. తీగను సన్నని గీతగా కాకుండా చుట్టూ దూరం వదిలిన లావు గొట్టంగా పెట్టండి. కాంక్రీటు పంపు బూమ్ తగులుతుందా లేదా అన్నది అప్పుడే కనిపిస్తుంది.

మోడల్‌ను అడగాల్సిన ప్రశ్నలు

మొదట కటింగ్, ఫిల్లింగ్. పూర్తయ్యాక ఉండాల్సిన మట్టాన్ని ఇంకో రాస్టర్‌గా చేసి ఇప్పటి నేలలోంచి తీసేస్తే చాలు. మా లెక్కలో కల్లూరు స్థలం లాంటివాటికి ప్లింత్ ఒక అడుగు దించినా మట్టి ఖర్చు కళ్లు తిరిగేంత తగ్గుతుంది, కానీ నీలం పలక ఒప్పుకోదు.

రెండోది పక్క అపార్ట్‌మెంట్. వాళ్ల పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలు గీత గీసి, మీ తవ్వకం ఆ గీత కిందికి దిగుతోందేమో క్రాస్ సెక్షన్‌లో చూడండి. దిగుతుంటే ఇంజనీరుతో మాట్లాడకుండా జేసీబీని పిలవొద్దు.

మిగతావి తేలికే. ఇరవై అడుగుల రోడ్డులోంచి టిప్పర్ తిరగడానికి గేటు ఎంత వెడల్పు ఉండాలి, సిమెంటు గోడౌన్‌కు ఎత్తైన మూల ఏది, తవ్విన మట్టి పోస్తే వంక దారి మూసుకుపోతుందా అన్నవి మోడల్‌ను నాలుగు పక్కల తిప్పితే తెలుస్తాయి.

కాంట్రాక్టరుకు మోడల్‌తో పాటు ఒక ఏ3 కాగితం కూడా ఇవ్వండి. దాని మీద టీబీఎం ఫొటో, దాని లెవెల్, జోన్ సంఖ్య, నైరుతి మూల దగ్గర తీసేసిన ఈస్టింగ్, నార్తింగ్, లెవెళ్లు తీసిన తేదీ ఉండాలి. మాకు ఆ తేదీ ఒకసారి అక్కరకొచ్చింది. లెవెళ్లు తీసిన పది రోజులకే ఎవరో రాత్రికి రాత్రి మా సైటులో ఆరు టిప్పర్ల మట్టి పోసి పోయారు.